అంబాసిడర్ మార్క్ 4కు జంట ఎగ్జాస్ట్: నల్లగొండ షెడ్డులో చేసిన ఒక పని

బండి అంబాసిడర్ మార్క్ 4, పెట్రోల్, 1489 సీసీ. యజమానిది మిర్యాలగూడ, రైస్ మిల్లు. బండి వాళ్ల నాయన కొన్నది. రోజూ తిప్పరు. పెళ్లిళ్లకు, దసరాకు, అప్పుడప్పుడు నల్లగొండకో సాగర్‌కో తీస్తారు. షెడ్డుకు తెచ్చినప్పుడు ఉన్న కంప్లయింట్ ఒక్కటే: పొద్దున స్టార్ట్ చేస్తే ఇంజన్ దగ్గర టక్ టక్ మని కొడుతోంది, పది నిమిషాలు నడిస్తే తగ్గిపోతోంది.

కోరిక మాత్రం వేరే. "రెండు దిక్కుల రెండు పైపులు గనవడాలె అన్నా. బండి బోతుంటే ఎనకున్నోనికి తెల్వాలె."

చల్లగా ఉన్నప్పుడు కొట్టి, వేడెక్కాక తగ్గే శబ్దం చాలాసార్లు మానిఫోల్డ్ (సిలిండర్ల పొగను పైపులోకి చేర్చే పోత ఇనుము గొట్టం) పగులుదే. ఇనుము వేడికి సాగి పగులు మూసుకుంటుంది. అయితే టాపెట్ శబ్దమూ దాదాపు ఇలాగే వినిపిస్తుంది కాబట్టి ముందు టాపెట్ గ్యాప్‌లు, అంటే వాల్వును నొక్కే మీటకూ వాల్వుకూ మధ్య సందులు, చూశాను. ఆ కాలపు ఇంజన్లలో ఎగ్జాస్ట్ వాల్వు గ్యాప్ తప్పకుండా చూడాలి. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. పాత హెడ్డుల్లో (సిలిండర్ల మీద బిగించే మూత) వాల్వు కూర్చునే సీటుకు సీసమే రక్షణగా ఉండేది. అది పోయాక సీటు అరుగుతుంది, వాల్వు లోపలికి దిగుతుంది, గ్యాప్ తగ్గుతుంది. ఈ బండిలో ఎగ్జాస్ట్ గ్యాప్‌లు బిగిసి ఉన్నాయి, కాలిపోయిన వాల్వు లేదు. కంప్రెషన్ నాలుగు సిలిండర్లలోనూ పది శాతం తేడా లోపలే ఉంది. ఇది చూడకుండా సైలెన్సర్ పని ఒప్పుకోను. ఇంజన్ పోయిన బండికి కొత్త పైపులు వేస్తే రేపు తప్పు పైపుల మీదికే వస్తుంది.

టెయిల్ పైపుకు గుడ్డ అడ్డం పెట్టి ఇంజన్ తిప్పితే మానిఫోల్డ్ మధ్యలో మసి ఊదింది. పగులు దొరికింది. అక్కడ ఇదివరకే ఎవరో ఇత్తడి వెల్డింగ్ పోశారు, దాని పక్కనే మళ్లీ విరిగింది. పోత ఇనుము ఒకసారి అలా విరిగాక ఎంత అతికినా నమ్మకం ఉండదు. ఎలాగూ మానిఫోల్డ్ మార్చాల్సిందే. యజమాని అడిగిన రెండు పైపుల మాట అప్పుడు సీరియస్‌గా ఆలోచించాను.

మామూలుగా ఎవరైనా "డబుల్ సైలెన్సర్" అని వస్తే మన దగ్గర జరిగేది ఇది: ఇంజన్ నుంచి వచ్చే ఒక్క పైపును వెనక ఇరుసు దాకా అలాగే ఉంచి, అక్కడ వై ముక్క కొట్టి రెండు చేస్తారు. చూడ్డానికి రెండు గొట్టాలు. ఇంజన్‌కు సంబంధించినంతవరకు ఏమీ మారదు. ఇరుకు ఎక్కడుందో అక్కడే ఉంటుంది, బరువు పెరుగుతుంది, పైగా ఒక్కో సైలెన్సర్‌కు సగం వేడే అందుతుంది. ఒక లీటరు పెట్రోల్ కాలితే ఇంచుమించు లీటరు నీళ్లు ఆవిరిగా బయటికి వస్తాయి. సైలెన్సర్ బాగా వేడెక్కితే ఆ ఆవిరి పోతుంది. ఊళ్లో అరగంట తిప్పి ఆపేసే బండిలో అది లోపలే నీరై నిలిచి రేకును తింటుంది. అంటే ఆ రెండు పైపులు ఒక పైపు కంటే ముందే తుప్పు పడతాయి. ఇలాంటివి నా దగ్గరికి తెగ్గోయడానికే ఎక్కువ వస్తాయి.

అంబాసిడర్‌లో మాత్రం రెండు పైపులకు అసలైన కారణం ఒకటి ఉంది. అది హెడ్డులో ఉంది.

ఈ ఇంజన్ బ్రిటన్‌లోని బీఎంసీ కంపెనీ బీ సిరీస్. బండి కూడా మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చిందే, ఉత్తరపారాలో 2014 దాకా తయారైంది. ఈ హెడ్డులో సిలిండర్లు నాలుగు ఉన్నా ఎగ్జాస్ట్ రంధ్రాలు మూడే. ఒకటో సిలిండర్‌కు ఒకటి, నాలుగో దానికి ఒకటి, మధ్యలో రెండు, మూడు సిలిండర్లకు ఉమ్మడిగా ఒకటి. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు పేలే వరుస, 1-3-4-2. కాగితం మీద రాసుకుని చూడండి: ఒకటి పేలాక సరిగ్గా ఒక చుట్టు తర్వాత నాలుగు పేలుతుంది. మూడు పేలాక ఒక చుట్టుకు రెండు. అంటే మధ్య రంధ్రాన్ని పంచుకునే రెండూ ఎప్పుడూ ఒకదానికొకటి అడ్డం రావు. బయటి రెండింటినీ కలిపి ఒక పైపులోకి, మధ్య దాన్ని విడిగా ఇంకో పైపులోకి పంపితే రెండు పైపుల్లోనూ చుట్టుకు ఒక్క పేలుడు, సమానమైన ఎడంతో వస్తుంది. ఒక సిలిండర్ ఊదిన గాలి పక్క సిలిండర్‌లోకి ఎదురు తన్నదు.

పోత ఇనుము మానిఫోల్డ్‌లో ఈ మూడూ చేతి పొడవు కూడా లేకుండానే ఒకే గొట్టంలో కలిసిపోతాయి. కాబట్టి ఈ బండికి జంట ఎగ్జాస్ట్ వేయాలంటే పని ముందు మొదలుకావాలి. ఏ సిలిండర్ ఏ పైపులోకి వెళ్తుందన్నదే ఇక్కడ అసలు పని. వెనక గొట్టాలు ఎన్ని కనిపిస్తాయన్నది అలంకారం. యజమానికి ఇదంతా చాక్‌పీసుతో నేల మీద గీసి చూపించాను. ఆయన విని, "సరే గానీ సౌండ్ ఎట్లుంటది?" అన్నారు.

ఇక పైపు సైజు. ఆయన తెలిసినవాళ్లెవరో రెండించుల పైపు వేయించమని చెప్పారట. పెద్దదైతే ఇంజన్ ఊపిరి బాగా పీలుస్తుందని అందరికీ ఒక నమ్మకం. లెక్క చూద్దాం. బండికి అప్పుడున్నది ఒకటిం ముప్పావు ఇంచుల పైపు. 16 గేజి అంటే గోడ మందం 1.6 మిల్లీమీటర్లు, అది పోను లోపలి వైశాల్యం దాదాపు 13.4 చదరపు సెంటీమీటర్లు. రెండించుల పైపులు రెండు వేస్తే 35.6. ఉన్నదానికి రెండున్నర రెట్లు దాటిపోతుంది. యాభై హార్స్‌పవర్ చుట్టుపక్కల ఉండే ఇంజన్‌కు అంత గొట్టం ఇస్తే పొగ వేగం పడిపోతుంది, త్వరగా చల్లారుతుంది, కింది గేరులో లాగుడు తగ్గుతుంది. ఒకటిం పావు ఇంచు పైపులు రెండు వేస్తే 12.8, ఉన్నదానికంటే తక్కువ. ఒకటిన్నర ఇంచువి రెండు వేస్తే 19.1. నేను ఆ ఒకటిన్నరే తీసుకున్నాను. మెత్తటి ఇనుము ఈఆర్‌డబ్ల్యూ పైపు (రేకును చుట్టి కరెంటుతో అతికినది), రెడీమేడ్ బెండ్లు సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి తెప్పించాను. ఇసుక నింపి వంచడం మాకు వచ్చు, కానీ ఇంత సన్నని గోడ పైపు లోపలి వైపు ముడత పడుతుంది. ముడత పడ్డ చోట ఒకటిన్నర ఇంచు ఒకటిం పావు అవుతుంది. అప్పుడు పైన వేసిన లెక్కంతా దండగ.

స్టెయిన్‌లెస్ అడగలేదా అంటే అడిగారు. ఏడాదికి నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగే బండికి ఆ ఖర్చు వద్దన్నాను. మీ బండి రోజూ నడిచేదైతే నా జవాబు వేరేగా ఉండేది.

మానిఫోల్డ్ దగ్గర ఎక్కువ సమయం పట్టింది. స్టడ్లు ముందు రోజు సాయంత్రమే డీజిల్‌లో నానబెట్టి, మర్నాడు గ్యాస్‌తో నట్లు మాత్రమే ఎర్రగా కాల్చి విప్పాం. ఈ ఇంజన్‌లో గాలి లోపలికి వెళ్లే మానిఫోల్డ్, పొగ బయటికి వచ్చే మానిఫోల్డ్ రెండూ ఒకే వైపు ఉంటాయి. కొన్ని స్టడ్ల దగ్గర ఒకే మందపాటి వాషర్ రెండింటి చెవులనూ కలిపి నొక్కుతుంది. అందుకే కొత్తగా కోసే ఎగ్జాస్ట్ ఫ్లాంజ్ (హెడ్డుకు బిగించే ప్లేటు) మందం ఇన్‌టేక్ ఫ్లాంజ్‌తో వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోవాలి. ఎగ్జాస్ట్‌ది కొంచెం మందమైతే ఇన్‌టేక్ వదులై గాలి లాగుతుంది, ఐడిలింగ్ (తొక్కకుండా ఇంజన్ నెమ్మదిగా తిరగడం) నిలవదు, మెకానిక్ కార్బురేటర్‌ను తిట్టుకుంటూ కూర్చుంటాడు. కొంచెం పల్చనైతే ఎగ్జాస్ట్ ఊదుతుంది. వెర్నియర్‌తో కొలిచి ప్లేటు కాస్త మందంగానే కోయించాను, వెల్డింగ్ తర్వాత లేత్ షాపులో సాపు చేయించుకోవచ్చని.

ఫ్లాంజ్‌ను ఖాళీగా బల్ల మీద పెట్టి వెల్డ్ చేయకూడదు, అరటి తొనలా వంగుతుంది. షెడ్డులో పాత హెడ్డు ఒకటి ఉంది, దానికి బిగించి పైపులు అతికాం. పూర్తిగా చల్లారాకే విప్పాం. ఒకటి, నాలుగు పైపులు దాదాపు సమాన పొడవుతో కిందికి దిగి సన్నటి కోణంలో కలుస్తాయి. మధ్య పైపు తిన్నగా దిగుతుంది. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద ఊగుతుంది కాబట్టి రెండింటికీ విడివిడిగా ఫ్లెక్సిబుల్ ముక్కలు వేశాను. డబ్బు మిగులుతుందని దీన్ని వదిలేసే షాపులు ఉన్నాయి. ఆ బండ్లు ఆరు నెలలకు ఫ్లాంజ్ దగ్గర పగిలి వస్తాయి.

పాత మానిఫోల్డ్‌తో ఒక లాభం ఉండేది. అది ఇన్‌టేక్‌కు తగిలి పెట్రోల్ మిక్చర్‌ను వేడి చేసేది. ఇప్పుడు ఆ వేడి లేదు. చలి దేశంలో ఇది ఇబ్బందే. నల్లగొండలో డిసెంబర్ పొద్దుల్లో చోక్ ఒక నిమిషం ఎక్కువ లాగాల్సి వస్తుంది, అంతే. మిగతా ఏడాది మన ఎండే చాలు.

పైపులు వెనక్కి తీసుకెళ్లే దారి దగ్గర యజమానికీ నాకూ మాట పడింది. బండి కింద చూస్తే జాగా ఉన్నట్టే అనిపిస్తుంది, లేదు. ముందు సస్పెన్షన్ టార్షన్ బార్లు (మెలిపడి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) కింది నుంచి పొడుగ్గా వెనక్కి వస్తాయి. మధ్యలో ప్రొపెల్లర్ షాఫ్టు. వెనక లీఫ్ స్ప్రింగులు, వాటి మీద లేస్తూ దిగుతూ ఉండే ఇరుసు. డిక్కీ కింద పెట్రోల్ ట్యాంకు. దీనికితోడు బ్రేక్ లైన్లు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్. ముందు పెట్రోల్ లైన్ ఎటు పోతోందో పొడుగునా సుద్దతో గీశాను. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 113వ నియమం ప్రకారం ఎగ్జాస్ట్ పైపు పెట్రోల్ లైన్‌కు 35 మిల్లీమీటర్ల లోపు రాకూడదు. నేను అంతకు రెట్టింపు వదులుతాను.

రెండు వైపులా చెరొకటి కావాలంటే ఒక పైపు అడ్డంగా దాటాలి. గేర్‌బాక్సు వెనక దాటిస్తే నేలకు దగ్గరవుతుంది. మన ఊళ్లలో స్పీడ్ బ్రేకర్లు ఎవరి ఇంటి ముందు వాళ్లు పోసుకున్నట్టు ఉంటాయి, మొదటిదానికే తగులుతుంది. ఇరుసు వెనక దాటిస్తే ట్యాంకుకు దగ్గరగా పోవాలి.

"సేటూ, ట్యాంకు పక్కపొంటి వేడి పైపు గుంజమంటే నాతోని గాదు."

ఆయన కొంచెం సేపు ఏమీ అనలేదు. తర్వాత, "మరి రెండు ఒక్క దిక్కే బెడితే మంచిగుంటదా?" అని అడిగారు. పాత బండ్లలో పక్కపక్కనే రెండు గొట్టాలు ఉన్న ఫొటోలు ఫోన్‌లో చూపించాక ఒప్పుకున్నారు. రెండు పైపులూ మానిఫోల్డ్ వైపే, ఒకదాని పక్కన ఒకటి పోయి, ఇరుసు మీదుగా వంగి, వెనక బంపర్ కింద జంటగా బయటికి వస్తాయి. మూతులు తిన్నగా వెనక్కే చూడాలి. 112వ నియమం ప్రకారం పొగ కిందికి గానీ ఎడమకు గానీ పోకూడదు, వెనక్కో కుడికో పోవాలి. స్టైలు కోసం మూతిని ఎడమకు వంచి కోసే అలవాటు మన దగ్గర ఉంది. ఫుట్‌పాత్ వైపు నిలబడ్డవాడి కాళ్ల మీదికి ఊదుతుంది అది.

రెండు సైలెన్సర్లు పక్కపక్కన పట్టవు. అందుకే సన్నటి గుండ్రటివి తయారు చేసి ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి జరిపి వేశాను. లోపల చిల్లుల గొట్టం, దాని చుట్టూ మొదట స్టీల్ ఊల్, ఆపైన గ్లాస్ ఊల్. గ్లాస్ ఊల్ ఒక్కటే చుడితే పొగ వేగానికి చిల్లుల్లోంచి కొద్దికొద్దిగా ఎగిరిపోయి రెండేళ్లకు ఖాళీ డబ్బా మిగులుతుంది. అన్నిటికంటే కింద ఉండే చోట ఒక్కోదానికి మూడు మిల్లీమీటర్ల రంధ్రం వేశాను, నీళ్లు కారిపోవడానికి.

వేలాడదీసే హ్యాంగర్లు అన్నీ రబ్బరువే. మూడు మీటర్ల ఇనుప పైపు మూడు వందల డిగ్రీలు వేడెక్కితే పది మిల్లీమీటర్ల పైనే సాగుతుంది. ఇనుప పట్టీతో బాడీకి బిగిస్తే ఆ సాగుడు ఎక్కడో ఒక చోట పగులుగా బయటపడుతుంది. ట్యాక్ వెల్డింగ్ (చుక్కలుగా పట్టించడం) మాత్రమే బండి కింద, బ్యాటరీ తీసేసి చేశాం. పూర్తి అతుకులన్నీ పైపు కిందికి దించాకే. ట్యాంకు ఉన్న బండి కింద పడుకుని మంట వెలిగించే పిల్లల్ని చూస్తే నాకు ఇప్పటికీ టెన్షనే.

ఇరుసు మీద ఎంత ఎడం ఉండాలన్నది ర్యాంపు మీద తెలియదు. బండిని బాడీకి జాకీ పెట్టి లేపితే ఇరుసు కిందికి వేలాడుతుంది, జాగా బోలెడు కనిపిస్తుంది. బరువు పడ్డప్పుడే నిజం తెలుస్తుంది. యజమాని మిల్లరే కాబట్టి బియ్యం బస్తాలు తెప్పించమన్నాను. డిక్కీలో, వెనక సీట్లో ఇరవై అయిదు కిలోల బస్తాలు పేర్చి, స్ప్రింగులు బాగా దిగాక పైపుకూ ఇరుసుకూ మధ్య వేళ్లు పెట్టి చూశాం. ఒకచోట రెండు వేళ్లే పట్టాయి. అక్కడ వంపు కోసి మళ్లీ పైకి ఎత్తాం. బస్తాలు దించేటప్పుడు ఒకటి చిరిగి షెడ్డంతా సోనా మసూరి. మా పిలగాడు సాయంత్రం దాకా ఏరాడు.

మొదటి ట్రయల్ నార్కట్‌పల్లి దాకా. కిందినుంచి లాగుడు బాగుంది, మూడో గేరులో ఇదివరకు తొక్కితే వచ్చే ఆ బరువు లేదు. ఇంత పవర్ పెరిగింది అని అంకె చెప్పను. పవర్ కొలిచే డైనో మీద పెట్టలేదు. పాత పగులు పోవడం, టాపెట్లు సరిచేయడం కూడా ఇందులో కలిసే ఉన్నాయి కాబట్టి మెరుగంతా పైపులదే అనడం అన్యాయం.

అయితే యాభై అయిదు దాటాక కారులో ఒక మోత మొదలైంది. చెవిలో కాదు, ఛాతీలో తెలిసే రకం. ఇది వస్తుందని అనుమానం ఉండనే ఉంది. రెండు వేల ఆర్‌పీఎం దగ్గర ఒకే పైపు ఉన్న బండిలో సెకనుకు 66 పేలుళ్లు ఒకే దారిలో పోతాయి. విడదీస్తే ఒక్కో పైపులో 33. స్వరం అంత కిందికి దిగుతుంది, దిగిన స్వరాన్ని చిన్న సైలెన్సర్ మింగలేదు. వినడానికి గంభీరంగా ఉండేది కూడా దీనివల్లే, బాధపెట్టేది కూడా దీనివల్లే. గేర్‌బాక్సు వెనక రెండు పైపుల మధ్య ఇలాంటి పనికే జాగా వదిలాను. అక్కడ ఒక ఇంచు గొట్టంతో రెండింటినీ కలిపాం. మోత సగానికి పైగా తగ్గింది. మిగిలినదానికి వెనక సీటు కింద ఫెల్ట్ పరిచాం. పూర్తిగా పోలేదు. యజమాని అదే బాగుందన్నారు, ఆయన భార్య బాగాలేదన్నారు.

మిక్చర్ మళ్లీ కుదర్చకుండా ఇలాంటి బండిని బయటికి పంపకూడదు. పొగ సులువుగా పోతే గాలి ఎక్కువ వస్తుంది, పెట్రోల్ పాత లెక్కనే పడుతుంది. పైగా ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోల్. కార్బురేటర్ బండిలో దానివల్ల కూడా మిక్చర్ పల్చనవుతుంది. రెండూ కలిస్తే ఎగ్జాస్ట్ వాల్వులు కాలతాయి. ప్లగ్గులు తీసి చూస్తే తెల్లగా ఉన్నాయి. కార్బురేటర్‌లో పెట్రోల్ వచ్చే మెయిన్ జెట్ ఒక సైజు పెంచాక లేత గోధుమ రంగుకు వచ్చాయి. పెట్రోల్ రబ్బరు పైపులు కూడా ఇథనాల్‌కు తట్టుకునేవి వేశాం.

తర్వాత పొల్యూషన్ చెకింగ్. భారత్ స్టేజ్ 2 పొగ ప్రమాణాల కంటే ముందు తయారైన పెట్రోల్ కార్లకు ఐడిలింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1500 పీపీఎం దాటకూడదు. రెండు మూతులు ఉన్న బండికి రెండింట్లోనూ చూడమని నేనే అడిగాను, ఎందుకంటే ఒక మూతి చెప్పేది ఎక్కువగా రెండు సిలిండర్ల సంగతే. రెండూ హద్దు లోపలే వచ్చాయి.

చట్టం సంగతి యజమానికి ముందే చెప్పాను, ఇక్కడ కూడా చెబుతాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగా చెప్పింది. శబ్దం హద్దు దాటితే 190(2) కింద మొదటిసారికే పది వేల దాకా జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ, పైగా మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. సైలెన్సర్ లేకుండా ఖాళీ పైపులు వేయమని కుర్రాళ్లు వస్తారు, పంపించేస్తాను. ఈ బండికి పదిహేనేళ్లు ఎప్పుడో దాటాయి, అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడాలి. పాత మానిఫోల్డ్, తీసిన పైపు నూనె రాసి గోనెసంచిలో చుట్టి యజమానికే ఇచ్చాను. అభ్యంతరం వస్తే పాత పైపు మళ్లీ వేయడానికి ఒక పూట చాలు. మానిఫోల్డ్‌కు మంచిది ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో వెతికి పెట్టుకోమన్నాను.

ఖర్చు మాట అడిగేవాళ్లకు: ఒక మంచి మానిఫోల్డ్ దొరికి, ఒక్క పైపే కొత్తది వేసి ఉంటే ఇందులో మూడో వంతుతో అయిపోయేది. బరువు ఓ పది కిలోలు పెరిగింది. మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా లేదని యజమాని అంటున్నారు, నేనూ ఆశించలేదు.

వానాకాలం కోతలయ్యాక బండి మళ్లీ వచ్చింది. మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాల్వ ఆయకట్టులో ఆ రోజుల్లో రోడ్డు సగం వడ్లు, సగం గడ్డి. ముందు సైలెన్సర్ హ్యాంగర్‌కు వరిగడ్డి చుట్టుకుని, పైపుకు తగిలిన చోట నల్లగా మాడింది. ఒక పైపు ఉన్న బండికి ఈ ప్రమాదం తక్కువ. రెండు పైపుల మధ్య సందులో గడ్డి ఇరుక్కుంటే ఊడిరాదు. గడ్డి లాగేసి, ఆ సందు కిందుగా అల్యూమినియం రేకు ఒకటి పైపులకు తగలకుండా అడ్డం బిగించాను. గడ్డి మీద బండి ఆపి ఇంజన్ ఆన్‌లో ఉంచవద్దని చెప్పాను. అప్పుడే ఇంజన్ చల్లగా ఉండగా మానిఫోల్డ్ నట్లు పట్టి చూశాం. మధ్యవి రెండు పావు చుట్టు తిరిగాయి, మిగతావి కదలలేదు.